మిరప గింజ ఎందుకు మొలవదు? మొలిచినా అదే కాయ ఎందుకు రాదు?

తొలకరి చినుకు పడీ పడకముందే మన దగ్గర విత్తనాల గోల మొదలవుతుంది. ఊళ్లలో నకిలీ మిరప విత్తనాల మీద ఫిర్యాదులు, పట్నాల్లో మిద్దె తోటల వాళ్ల సందేహాలు. రైతుది లక్షల నష్టం, మిద్దె తోట వాళ్లది నాలుగు కుండీల నిరాశ. రెండూ ఒకటి కావు. అడిగే ప్రశ్నలు మాత్రం ఇంచుమించు అవే. కొత్త ప్యాకెట్‌లో గింజలు సగమే మొలిచాయేంటి? వంటింటి డబ్బాలోని ఎండుమిర్చి గింజలు వేస్తే వస్తాయా? అందరూ వారంలో వస్తాయంటున్నారు, మాకు ఇరవై రోజులైనా రాలేదేం? పోయినేడు విరగకాసిన చెట్టు గింజే వేశాం, ఈ ఏడు కాయ వేరేలా ఉందేం?

వీటికి సమాధానాలుగా చలామణీ అయ్యే చిట్కాలకు లెక్కలేదు. మజ్జిగలో నానబెట్టమని ఒకరంటారు, హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేయమని ఇంకొకరంటారు, టిష్యూ పేపర్లో చుట్టి ఫ్రిజ్ మీద పెట్టమని మరొకరంటారు. అసలు చిక్కు ఏమిటంటే ఇక్కడ మూడు వేర్వేరు విషయాలు కలగాపులగం అయిపోతున్నాయి. గింజకు ప్రాణం ఉందా అన్నది ఒకటి. ప్రాణమున్న గింజకు తగిన వేడి, తడి అందాయా అన్నది రెండోది. మొలిచిన మొక్క ఏ రకం అవుతుందన్నది మూడోది. మొదటిదానికి చిట్కా లేదు, మూడోదానికీ లేదు. చిట్కాలన్నీ రెండోదాని చుట్టూ తిరిగేవే. అక్కడ కూడా అవి మార్చేది రోజుల్ని, ఫలితాన్ని కాదు.

గింజ లోపల ఏం జరుగుతుంది

మిరప గింజను వేలి కొన మీద పెట్టుకుని చూడండి. గడ్డి రంగులో, బల్లపరుపుగా, మూడు నాలుగు మిల్లీమీటర్ల బిళ్ల. అంచున ఒకచోట చిన్న ముక్కులాంటిది కనిపిస్తుంది. కాయలో గింజ అతుక్కుని ఉన్నది అక్కడే, రేపు వేరు బయటికి వచ్చేదీ ఆ పక్కనే. బ్లేడుతో గింజను మధ్యకి చీలిస్తే లోపల సన్నటి అంకురం చుట్ట తిరిగి పడుకుని ఉంటుంది. దాని చుట్టూ తెల్లగా, గట్టిగా ఉన్న పదార్థాన్ని అంకురచ్ఛదం అంటారు. మొలకకు తొలి రోజుల తిండి అదే. దారికి అడ్డం నిలబడేదీ అదే.

పెసలు ఒక రాత్రి నానబెట్టి గుడ్డలో మూట కడితే ఒకటి రెండు రోజుల్లో మొలకలు కనిపిస్తాయి. ఆ అలవాటుతో మిరప గింజను చూస్తాం కాబట్టి నాలుగో రోజుకే టెన్షన్ మొదలవుతుంది. పెసర గింజలో తిండి అంతా బీజదళాల్లోనే ఉంటుంది, వేరు కొన బయటికి రావడానికి పైతొక్క చిరిగితే చాలు. మిరపలో అలా కాదు. వేరు కొన ఎదురుగా అంకురచ్ఛదం గోడలా ఉంటుంది. ఎంజైములు పనిచేసి ఆ గోడని ఆ కాస్త చోట మెత్తబరిస్తే తప్ప వేరుకి దారి దొరకదు.

మొత్తం వ్యవహారం మూడు దశల్లో నడుస్తుంది. మొదట గింజ నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది. దీనికి కొన్ని గంటలు చాలు. చచ్చిన గింజ కూడా నీళ్లు పీలుస్తుంది కాబట్టి ఉబ్బింది కదా అని సంబరపడటానికి లేదు. తర్వాత బయటికి ఏమీ కనిపించని దశ. గోడ మెత్తబడే పని జరిగేది అప్పుడే. మిరపలో రోజులన్నీ ఇక్కడే ఖర్చవుతాయి. ఆఖరున వేరు తొక్క చీల్చుకుని బయటికి వస్తుంది. ఇక దాన్ని ఆపి మళ్లీ ఎండబెట్టడం కుదరదు. ఆ స్థితిలో తడి ఆరిందంటే మొలక పోయినట్టే.

ఎంజైముల వేగాన్ని నిర్ణయించేది ప్రధానంగా ఉష్ణోగ్రత. మిగతా సంగతులన్నీ దీని తర్వాతే.

ఎన్ని రోజులు పడుతుంది: వేడి లెక్క

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో పనిచేసిన విత్తన శాస్త్రవేత్త జేమ్స్ హారింగ్టన్ 1950ల్లో కూరగాయల విత్తనాలను రకరకాల మట్టి ఉష్ణోగ్రతల్లో వేసి, మొలక పైకి కనిపించడానికి ఎన్ని రోజులు పట్టిందో లెక్కగట్టారు. ఇప్పటికీ వాడుకలో ఉన్న ఆ పట్టికలో మిరప అంకెలు ఇవి:

15 డిగ్రీల సెల్సియస్ దగ్గర 25 రోజులు
20 దగ్గర 12.5 రోజులు
25 దగ్గర 8.4 రోజులు
30 దగ్గర 7.6 రోజులు
35 దగ్గర 8.8 రోజులు
10 దగ్గర, 40 దగ్గర అసలు రాలేదు

ఈ అంకెలతో చిన్న కూడిక చేసి చూడొచ్చు. ప్రతి రోజూ మట్టి ఉష్ణోగ్రతలోంచి 10 తీసేయండి. మిగిలింది ఆ రోజుకి గింజ ఖాతాలో జమ అనుకోండి. 15 డిగ్రీల దగ్గర రోజుకి 5 చొప్పున 25 రోజులకి జమ 125. 20 దగ్గర రోజుకి 10 చొప్పున 12.5 రోజులకి మళ్లీ 125. 25 దగ్గర 15 చొప్పున 8.4 రోజులకి 126. అంటే ఖాతాలో 125 పడితే మొలక పైకి వస్తుంది, అది తొందరగా పడినా నెమ్మదిగా పడినా సరే. 30 దగ్గర మాత్రం 20 చొప్పున 7.6 రోజులకి 152 అవుతుంది. 30కి చేరువయ్యే కొద్దీ అదనపు వేడి వల్ల లాభం తగ్గిపోతుందన్నమాట. 35 దగ్గర అది నష్టమే.

ఈ లెక్క చేతిలో ఉంటే చాలా తగాదాలు వాటంతటవే తీరిపోతాయి. ఆగస్టులో భీమవరంలో మట్టి 28 డిగ్రీలుంటే వారం పది రోజుల్లో మొలక. డిసెంబరులో హైదరాబాద్ మిద్దె మీద పగలు, రాత్రి కలిపి మట్టి సగటు 20 అనుకుంటే పన్నెండు పదమూడు రోజులు. ఫిబ్రవరిలో న్యూజెర్సీలో కిటికీ పక్కన పెట్టిన ట్రేలో మట్టి 16 డిగ్రీలే ఉంటే రోజుకి జమ 6, అంటే సుమారు 21 రోజులు. ముగ్గురూ ఒకే గింజ వేశారు, ముగ్గురూ నిజమే చెబుతున్నారు. గదిలో హీటర్ 21 చూపిస్తున్నా గాజు పక్కన తడి మట్టి అంతకంటే చల్లగా ఉంటుంది. తడి ఆవిరవుతూ వేడిని లాగేస్తుంది కదా. విదేశాల్లో మనవాళ్లు ట్రే కింద కరెంటు హీట్ మ్యాట్ పరిచేది ఇందుకే. మన ఇళ్లలో సెట్‌టాప్ బాక్స్ పైనో, ఫ్రిజ్ మీదో పెట్టే అలవాటు వెనక ఉన్నదీ ఇదే సూత్రం.

మే నెల సమస్య దీనికి తలకిందులు. ఎండకు కాలిన స్లాబు మీద నల్ల ప్లాస్టిక్ కుండీలో మట్టి పైపొర మధ్యాహ్నం 40 దాటడం పెద్ద విషయం కాదు. గింజ మంచిదే అయినా మొలక రాదు. వచ్చినా మాడిపోతుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఖరీఫ్ మిరప నారు జూలై, ఆగస్టుల్లో పోయడం వానల కోసమే అనుకుంటాం గానీ, ఆ వానలతో మట్టి చల్లబడి గింజకు నచ్చే వేడికి రావడం కూడా అందులో కలిసొచ్చే లాభం.

వేడి రోజంతా ఒకేలా ఉండాలన్న నియమం కూడా లేదు. విత్తన పరీక్షా ప్రయోగశాలల్లో మిరపను 16 గంటలు 20 దగ్గర, 8 గంటలు 30 దగ్గర మార్చి మార్చి ఉంచుతారు. వెలుతురు సంగతికొస్తే, మొలకెత్తడానికి మిరపకి అది అవసరం లేదు. పైకి వచ్చిన క్షణం నుంచి మాత్రం తప్పనిసరి.

వంటింటి గింజ: పచ్చిమిర్చి, ఎండుమిర్చి, ఏసీ కాయ

మార్కెట్ పచ్చిమిర్చిని చీలిస్తే గింజలు తెల్లగా, మెత్తగా ఉంటాయి. కాయ పచ్చిగా ఉన్నప్పుడే కోశారు కాబట్టి చాలా గింజల్లో అంకురం పూర్తిగా తయారై ఉండదు. అయితే బాగా ముదిరిన పచ్చి కాయను తొడిమతో సహా నీడలో వదిలేస్తే చాలాసార్లు ఎర్రబడుతుంది. ఆ లోపు లోపలి గింజలు కూడా ఎంతో కొంత ముదురుతాయి. చెట్టు మీదే పండిన కాయ గింజంత బలం వాటికి రాకపోవచ్చు గానీ, పచ్చి గింజ కంటే నయం.

ఎండుమిర్చి మీద వాదన ఎక్కువ. "నేను వేశాను, బోలెడు మొలిచాయి" అనేవాళ్లూ ఉన్నారు, "ఒక్కటీ రాలేదు" అనేవాళ్లూ ఉన్నారు. కాయ మీ ఇంటికి ఏ దారిలో వచ్చిందో చూస్తే ఇద్దరి మాటా అర్థమవుతుంది. రైతు పండు కాయ కోసి కల్లంలో రోజుల తరబడి ఎండబెడతాడు. తేమ 10, 11 శాతానికి దిగాక టిక్కీల్లో, అంటే బస్తాల్లో, నింపి గుంటూరు, ఖమ్మం, వరంగల్ లాంటి మార్కెట్లకు తెస్తాడు. ఎండకు ఎండిన గింజ చాలావరకు బతికే ఉంటుంది. కల్లంలో ఉండగా వాన తగిలితే కాయ తెల్లబారి తాలు కాయ అవుతుంది, బూజు లోపలికి పాకుతుంది, గింజ గోధుమ రంగుకి తిరుగుతుంది. అలాంటి గింజ మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు. డ్రయ్యర్లో ఎక్కువ వేడికి గురైన గింజ సంగతీ అంతే.

మరి ఏసీ కాయ? గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లో నెలల తరబడి ఉంచిన సరుకుని అలా పిలుస్తారు. చల్లదనానికి గింజ చచ్చిపోతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి పొడి గింజకు చల్లదనం మేలే చేస్తుంది. అందులోంచి బయటికి వచ్చాక కిరాణా షాపులో, తర్వాత మన వంటింట్లో స్టవ్ పక్కన డబ్బాలో గడిపిన కాలమే దాని ప్రాణం తీస్తుంది.

గింజ ఆయుష్షుకి కూడా హారింగ్టన్ పేరుతోనే ఒక అంచనా సూత్రం ఉంది. నిల్వ ఉష్ణోగ్రత 5 డిగ్రీలు తగ్గితే ఆయుష్షు సుమారు రెట్టింపు, గింజలో తేమ 1 శాతం తగ్గినా రెట్టింపు. వేసవిలో 35 డిగ్రీలుండే వంటింట్లో ఉన్న గింజని, ఫ్రిజ్‌లో 5 డిగ్రీల దగ్గర ఉన్న గింజతో పోల్చండి. తేడా 30 డిగ్రీలు, అంటే ఆరుసార్లు రెట్టింపు, కాగితం మీద 64 రెట్లు. నిజ జీవితంలో అంత కచ్చితంగా కుదరదు. కానీ విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతపు ఉక్కలో మూత లేని డబ్బాలో ఉంచిన గింజ ఏడాది తిరిగేసరికి ఎందుకు నీరసించిపోతుందో, గాలి చొరబడని సీసాలో ఫ్రిజ్‌లో ఉన్నది మూడేళ్లకి కూడా ఎందుకు మొలుస్తుందో తెలుస్తుంది. ఒకటే షరతు: గింజ బాగా ఆరి ఉండాలి. తడి గింజని ఫ్రిజ్‌లో పెడితే మిగిలేది బూజు.

చల్ల మిరపకాయల గింజలు మొలుస్తాయా అని అడిగిన వాళ్లు కూడా ఉన్నారు. ఉప్పు మజ్జిగలో ఊరి, ఎండిన పచ్చి కాయ అది. వేయించుకుని పెరుగన్నంలో తినడమే దానికి న్యాయం.

ప్యాకెట్ మీద 60 శాతం అంటే

మన దేశంలో విత్తన ధ్రువీకరణ కనీస ప్రమాణాల ప్రకారం మిరపకి ఉండాల్సిన కనీస మొలక శాతం 60. టమాటా, వంకాయలకు అది 70. అంటే వంద మిరప గింజల్లో 60 మొలిచినా ఆ ప్యాకెట్ ప్రమాణం తప్పలేదు. పేరున్న కంపెనీల విత్తనం సాధారణంగా దీనికంటే మెరుగ్గానే ఉంటుంది. అయినా "సగమే మొలిచాయి, నకిలీ విత్తనం" అనే ముందు ఈ అంకె తెలిసి ఉండటం మంచిది. పైగా ఆ శాతం ప్రయోగశాలలో, అనుకూలమైన వేడిలో, 14 రోజుల్లో తేల్చింది. మన కుండీకి ఆ సౌకర్యాలేవీ ఉండవు.

దీన్ని ఇంటి లెక్కలోకి దించుదాం. ప్రతి గింజకు మొలిచే అవకాశం 60 శాతం అనుకుంటే, ఒక గుంటలో ఒకే గింజ వేస్తే అది ఖాళీగా మిగిలే అవకాశం 40 శాతం. రెండు వేస్తే రెండూ విఫలమయ్యే అవకాశం 0.4 ఇంటూ 0.4, అంటే 16 శాతం. మూడు వేస్తే 6 శాతం చిల్లర. పాత గింజలైతే గుంటకి రెండు మూడు వేసి బలంగా ఉన్నదాన్ని ఉంచుకోవడం వెనక ఉన్న గణితం ఇంతే. హైబ్రిడ్ సాగుచేసే రైతుకి ఈ వెసులుబాటు లేదు. సూటి రకాలైతే, అంటే హైబ్రిడ్ కానివైతే, నారు కోసం ఎకరాకు 650 గ్రాముల విత్తనం వాడమని సిఫారసు, హైబ్రిడ్లకైతే 75 నుంచి 100 గ్రాములే. విత్తనం ఖరీదు కాబట్టి నారు పెంచే 98 గుంటల ట్రేలో (ప్రోట్రే) గుంటకొక్కటే పడుతుంది. మొలక పది శాతం పడిపోయినా అతనికి ఆ దెబ్బ నేరుగా తగులుతుంది. అందుకే మొలక శాతం మీద రైతు కోపాన్నీ, మిద్దె తోట వాళ్ల విసుగునీ ఒకే గాటన కట్టడం సరికాదు.

పది గింజలు తడి గుడ్డలో పెట్టి పరీక్షించే అలవాటు మంచిదే. అయితే దాన్నుంచి మరీ ఎక్కువ రాబట్టకూడదు. నిజంగా 60 శాతం మొలిచే విత్తనంలోంచి పది తీసుకుంటే, పదిసార్లలో తొమ్మిదిసార్లు నాలుగు నుంచి ఎనిమిది మధ్య మొలుస్తాయి. అంటే ఒకరికి నాలుగు, ఇంకొకరికి ఎనిమిది వచ్చినా ఇద్దరిదీ ఒకే ప్యాకెట్ కావచ్చు. ఒక్కటీ రాకపోతే మాత్రం అనుమానించాల్సిందే.

నీళ్లలో వేసి తేలినవి పారేసే పద్ధతి మిరప విషయంలో అంత నమ్మదగింది కాదు. బల్లపరుపుగా, తేలిగ్గా, ఆరి ఉన్న గింజ ప్రాణంతో ఉన్నా కాసేపు తేలుతుంది. తాలు గింజలు తేలతాయన్నది నిజమే, తేలినవన్నీ తాలు అన్నది నిజం కాదు. గింజలు గుప్పెళ్ల కొద్దీ ఉన్నవాళ్లకి ఆ వడపోత నష్టం చేయదు. పదే గింజలున్నప్పుడు తేలినవాటిని కూడా వేసేయడమే లాభం.

నానబెట్టడం, పెరాక్సైడ్, పొటాషియం నైట్రేట్, పిట్టలు

నానబెట్టడం వల్ల మొదటి దశ కుండీలో కాకుండా గిన్నెలో పూర్తవుతుంది. ఒక రాత్రి నానితే చాలు. రెండు మూడు రోజులు నీళ్లలోనే వదిలేస్తే గాలి ఆడక గింజ ఉక్కిరిబిక్కిరవుతుంది.

ప్రయోగశాలల్లో నిజంగా వాడే మందు పొటాషియం నైట్రేట్. 0.2 శాతం ద్రావణంతో కాగితాన్ని తడిపి గింజలు పెట్టడం అంతర్జాతీయ విత్తన పరీక్ష నియమాల్లోనే ఉంది. దాని పని వేరు. అప్పుడే కాయ నుంచి తీసిన గింజల్లో కొన్ని కొన్ని వారాల పాటు నిద్రావస్థలో ఉంటాయి. వాటిని లేపడానికి అది వాడతారు. పాత గింజకి ప్రాణం పోయడానికి కాదు. హైడ్రోజన్ పెరాక్సైడ్ ప్రధానంగా తొక్క మీది బూజు తగ్గిస్తుంది. రోజుల తరబడి తడి కాగితంలో ఉండాల్సిన గింజకు అది ఉపయోగమే. పల్చగా చేసి, కాసేపే వాడాలి.

ప్రకృతి వ్యవసాయంలో బీజామృతం పట్టించడం మన రెండు రాష్ట్రాల్లోనూ బాగా తెలిసిన పద్ధతి. ఆవు పేడ, మూత్రం, సున్నం కలిపిన ఆ ద్రావణంలో మేలు చేసే సూక్ష్మజీవులుంటాయని, నారుని తెగుళ్ల నుంచి కాపాడతాయని దాన్ని వాడేవాళ్ల వాదన. రసాయన పద్ధతి వాళ్లు అదే పనికి వేరే మందులు వాడతారు. వైరస్ కోసం లీటరు నీటికి 150 గ్రాముల ట్రైసోడియం ఆర్థోఫాస్ఫేట్ కలిపి 20 నిమిషాలు నానబెట్టి కడిగేస్తారు, ఆ తర్వాత శిలీంద్రనాశిని పట్టిస్తారు. ఈ రెండు వర్గాల మధ్య గొడవ పెద్దదే. కానీ ఇద్దరూ మాట్లాడుతున్నది నారు ఆరోగ్యం గురించి, మొలక వేగం గురించి కాదు. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి. ప్యాకెట్‌లోని గులాబీ, నీలం రంగు గింజలు మందు పట్టించినవి. వాటిని ఒట్టి చేతులతో పిసకకూడదు, పిల్లలకి అందేచోట ఉంచకూడదు.

ఇక పిట్టలు. "పిట్ట తిని వేసిన గింజ బాగా మొలుస్తుంది" అని పెద్దవాళ్లంటారు. ఇందులో కొంత నిజముంది. కాయకి కారం ఇచ్చే క్యాప్సైసిన్ పిట్టలకి మంట పుట్టించదు, ఎలుకలాంటి జంతువులకి పుట్టిస్తుంది. జాషువా ట్యూక్స్‌బరీ, గ్యారీ నబ్హాన్ 2001లో నేచర్ పత్రికలో ప్రచురించిన పరిశోధనలో, కారం లేని మిరపకాయలు తినిపించిన ఎలుకల కడుపులోంచి వచ్చిన గింజలు మొలవలేదు. పిట్టల కడుపులోంచి వచ్చినవి మామూలు గింజలంత బాగానే మొలిచాయి. మామూలు గింజలంత, అంతకంటే ఎక్కువ కాదు. మన చిలక అయితే గింజను ముక్కుతో నలిపి తింటుంది కాబట్టి పెద్దల మాట దానికి అంతగా చెల్లదు. కాయను గుటుక్కున మింగే పికిలి పిట్టలాంటి వాటికి చెల్లుతుంది.

టిష్యూ పేపరా, నేరుగా మట్టిలోనా

టిష్యూ పక్షాన ఉన్న బలమైన వాదన: గింజ కంటికి కనిపిస్తుంది, ఏది మొలిచిందో తెలుస్తుంది, చిన్న డబ్బాని వెచ్చగా ఉంచడం తేలిక. మట్టి పక్షాన ఉన్నది అంతకంటే సూటి వాదన: వేరుని ఎవరూ ముట్టుకోరు. కాగితం మీద వేరు సెంటీమీటరు దాటితే పీచులోకి దూరిపోతుంది, లాగితే కొన తెగుతుంది. గింజలు తక్కువ, ఖరీదు ఎక్కువ, వాతావరణం చల్లన అయితే టిష్యూకే నా ఓటు, వేరు కొన తెల్లగా కనిపించిన రోజే మార్చగలిగితే. మన జూలై వాతావరణంలో, ఇంటి గింజలతో అయితే దాని అవసరం పెద్దగా కనబడదు. మట్టిలో వేసేటప్పుడు లోతు అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు.

మట్టి విషయంలో ఒక చిన్న దృశ్యం చాలామందిని కంగారు పెడుతుంది. మొలక కాడ కొక్కెంలా వంగి పైకి వస్తుంది, తర్వాత నిటారవుతుంది. ఒక్కోసారి గింజ తొక్క టోపీలా బీజదళాలకి పట్టేసి ఊడదు. లోతు మరీ తక్కువైనా, పైన తడి ఆరిపోయినా ఇలా జరుగుతుంది. మట్టిలోంచి తోసుకుంటూ వచ్చేటప్పుడు ఆ రాపిడికే తొక్క ఊడాలి, ఆ రాపిడి చాల్లేదన్నమాట. టోపీ మీద నీటి చుక్క వేసి కొన్ని గంటలు ఆగితే మెత్తబడి జారిపోతుంది. ఎండిన టోపీని గోటితో పీకితే ఆకులు కూడా వచ్చేస్తాయి.

మొలిచింది, కానీ అదే కాయ రాలేదు

మొలక శాతానికీ రకానికీ సంబంధం లేదు. నూటికి నూరు మొలిచిన గింజలు కూడా తల్లి చెట్టులాంటి కాయ ఇవ్వకపోవచ్చు. కారణాలు రెండు.

మొదటిది హైబ్రిడ్. రెండు వేర్వేరు తల్లిదండ్రుల్ని కలిపి తయారుచేసిన తొలి తరం విత్తనం ఎఫ్1. ఆ మొక్కలన్నీ ఒకేలా ఉంటాయి. వాటి కాయల్లోంచి గింజ తీసి వేస్తే రెండో తరంలో తాతల గుణాలు విడిపోయి రకరకాలుగా బయటపడతాయి. ఉదాహరణకి కారం. మిరపలో కారం ఉండటం, లేకపోవడం ప్రధానంగా ఒక జన్యువు చేతిలో ఉంది, కారం ఉన్న రూపానిదే పైచేయి. కారం మిరపని క్యాప్సికంతో కలిపితే తొలి తరం మొక్కలన్నీ కారం కాయలే కాస్తాయి. వాటి గింజలు వేస్తే సగటున నాలుగింట ఒక మొక్కకి కారం ఉండదు. కాయ కిందికి వేలాడటం, పైకి నిలబడటం కూడా ఇలాగే విడిపోయే గుణం. గుంటూరు దగ్గరి లాం ఫారం పరిశోధన కేంద్రం విడుదల చేసిన ఎల్‌సీఏ 334, ఎల్‌సీఏ 625 లాంటి సూటి రకాల్లో ఈ ఇబ్బంది లేదు, గింజ దాచుకోవచ్చు.

రెండోది తేనెటీగలు. మిరప పువ్వు తనంతట తాను ఫలదీకరణ చేసుకోగలదు, కానీ పక్క చెట్టు పుప్పొడి కూడా బాగానే చేరుతుంది. ధ్రువీకరించిన మిరప విత్తనం పండించే పొలానికీ వేరే రకం మిరప పొలానికీ మధ్య 200 మీటర్ల దూరం ఉండాలన్న నిబంధన అందుకే. మిద్దె మీద నాలుగు రకాల కుండీలు ఆనుకుని ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. దీన్నుంచే ఒక అపోహ పుట్టింది: క్యాప్సికం పక్కన మిరప పెడితే క్యాప్సికం కారంగా మారుతుందని. ఈ ఏడు కాసే కాయ మారదు, ఎందుకంటే కాయ కండా, కారం ఊరే లోపలి తెల్లటి భాగమూ తల్లి చెట్టువే. మారేది లోపలి గింజ. ఆ గింజ వేస్తే వచ్చే ఏడు చెట్టుకి కారం కాయలు రావచ్చు. గింజ దాచుకోవాలనుకునేవాళ్లు పువ్వు విచ్చుకోకముందే ఒక కొమ్మకి పల్చటి గుడ్డ సంచి కట్టి, కాయ పడ్డాక గుర్తుగా దారం కడతారు.

"నకిలీ విత్తనం" అనే మాట కింద నిజానికి వేర్వేరు ఫిర్యాదులు దాక్కుంటాయి. మొలవకపోవడం ఒకటి, చెప్పిన రకం కాకపోవడం ఒకటి, రకం సరైనదే అయినా కాపు రాకపోవడం ఇంకొకటి. మొదటిది రెండు వారాల్లో తేలుతుంది. రెండోది కాయ పడేదాకా తెలియదు. మూడోదాంట్లో వాతావరణం, తామర పురుగులు, ఆకుముడత అన్నీ వాటాదారులే. తగాదా తేలడం ఎందుకు కష్టమో దీన్నిబట్టి అర్థమవుతుంది.

మొలిచాక వాలిపోతే

నిన్న నిటారుగా ఉన్న మొలక ఈ రోజు మట్టి దగ్గర కాడ సన్నబడి, నీరు పట్టినట్టయి పక్కకి వాలిపోతే అది నారుకుళ్లు. ఎక్కువగా పిథియం అనే సూక్ష్మజీవి పని. మొలక రావడం లేదని రోజుకి మూడు పూటలా నీళ్లు పోసిన ట్రేల్లో ఇది ఎక్కువ. మట్టిలోపలే మొలకను చంపేసి, "గింజ మొలవలేదు" అనిపించేది కూడా చాలాసార్లు ఇదే. గింజకి ప్రాణముంది, వేడీ ఉంది, తడే ఎక్కువైంది. రైతులు ఎత్తు మడుల మీద నారు పోసేది, ప్రోట్రేల్లో మట్టికి బదులు కొబ్బరి పొట్టు నింపేది నీరు నిలవకుండా ఉండటానికే.

ఎన్నాళ్లు చూసి వదిలేయాలి

మన వంటింటి మిరపలన్నీ దాదాపుగా క్యాప్సికమ్ యాన్యువమ్ జాతివి. గుంటూరు సన్నం, బ్యాడగీ, వరంగల్ చపాటా, చివరికి క్యాప్సికం కూడా అందులోదే. పైన చెప్పిన 125 లెక్క వాటికే వర్తిస్తుంది. ఈశాన్య రాష్ట్రాల భూత్ జొలోకియా, హబనేరో లాంటివి చైనెన్స్ జాతి. అవి 28 డిగ్రీల దగ్గర కూడా మూడు నాలుగు వారాలు తీసుకోవడం మామూలే. కేరళ కాంతారి లాంటి ఫ్రూటెసెన్స్ జాతి మిరపలు కూడా తొందరపడవు. ఘాటైన మిరపల మోజులో ఆన్‌లైన్‌లో తెప్పించిన గింజల మీద వచ్చే "మోసపోయాం" ఫిర్యాదుల్లో కొన్ని రెండో వారంలోనే రాసినవి.

యాన్యువమ్ అయితే మీ మట్టి వేడికి తగ్గట్టు లెక్కలో తేలిన రోజులకు రెట్టింపు దాకా చూడటం న్యాయం అనిపిస్తుంది. 25 డిగ్రీల దగ్గర అది పదిహేడు రోజులు, 18 దగ్గర నెల రోజులు. ఆ తర్వాత కూడా అనుమానం తీరకపోతే ఒక గింజని తవ్వి తీసి రెండు వేళ్ల మధ్య నొక్కి చూడాలి. చిట్లి గుజ్జులా బయటికి వస్తే అది కుళ్లిపోయింది. గట్టిగానే ఉందంటే ట్రేని ఇంకాస్త వెచ్చటి చోటికి జరిపి, ఆ గింజని మళ్లీ అదే గుంటలో పెట్టేయొచ్చు.